ఆన్ చేయగానే పడిపోయే ల్యాప్‌టాప్‌కి వెంటాయ్ పెన్‌డ్రైవ్: చాలాకాలం వాడాక సమీక్ష

ముందు తీర్పు చెప్పేస్తాను. వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవ్ నుంచి చాలా సాధనాల్ని బూట్ చేయించే, అంటే ల్యాప్‌టాప్‌ని వాటితో లేపే, సాఫ్ట్‌వేర్) ఎక్కించిన 64 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, అందులో నాలుగు ఐఎస్‌ఓ ఫైళ్లు (ఒక డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా మడిచినవి): ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్, విండోస్‌కి బదులుగా నడిచే లైనక్స్ మింట్, డిస్క్ చూడటానికి హైరెన్స్ బూట్‌సీడీ పీఈ, విండోస్ 11 ఇన్‌స్టాలర్. నాలుగూ ఉచితంగా దిగుతాయి, ఖర్చల్లా పెన్‌డ్రైవ్‌కే. స్టార్టప్‌లో పడిపోయే ల్యాప్‌టాప్‌లో తప్పు ర్యామ్‌దా (పని నడిచేటప్పుడు వాడే మెమరీ), ఎస్‌ఎస్‌డీదా (ఫైళ్లు నిలవుండే డిస్క్), విండోస్‌దా, బోర్డుదా అని తేల్చడానికి ఇంతకన్నా చవకైన సాధనం నాకు కనబడలేదు. బాగుచేసే సాధనంగా మాత్రం దీనికి మార్కులు తక్కువే. ఈ తేడా తెలియకుండా వాడినవాళ్లే "ఏం లాభం లేదప్పా" అని పక్కన పడేస్తారు.

తిరుపతిలో ఇలాంటి ల్యాప్‌టాప్ పట్టుకుని ఏ వీధికి పోయినా మొదట వినబడే మాట "ఫార్మాట్ కొడితే సరిపోతాది". ఒక్కోసారి నిజంగానే సరిపోతుంది, అందుకే ఆ మాట ఇంకా బతికుంది. ర్యామ్‌లో లోపం ఉంటే మాత్రం కొత్త విండోస్ ఫైళ్లు కూడా ఆ ర్యామ్ గుండానే ఎస్‌ఎస్‌డీకి చేరాలి. దారిలో నాలుగు బిట్లు మారితే కొత్త విండోస్ పుట్టుకతోనే చెడినట్టు, కొన్నాళ్లకే అదే బ్లూ స్క్రీన్ (విండోస్ పడిపోయినప్పుడు వచ్చే ఎర్రర్ తెర) మళ్లీ తయారు. ఎస్‌ఎస్‌డీ చివరి దశలో ఉంటే ఇంకా కష్టం: హాస్టల్ పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు, నెట్ సెంటర్లో స్కాన్ చేసిన పత్రాలు తిరిగి రాకుండా పోతాయి. 300 రూపాయల దర్శనం కోటా తెరిచే పొద్దున నెట్ సెంటర్ ల్యాప్‌టాప్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యే లూప్‌లో పడితే దాన్ని ఎలాగోలా లేపాలన్న తొందర ఉంటుంది, కాదనను. ఆ పూటకి పక్క మెషీన్లో బుక్ చేసుకోండి. దీన్ని తీరిగ్గా చూడండి.

పెన్‌డ్రైవ్ పెట్టకముందే సగం తెలుస్తుంది

"అన్నా, ఆన్ అవతాది, లోగో వస్తాది, మళ్లా ఆరిపోతాది." ఈ ఒక్క వాక్యంలో కనీసం మూడు వేర్వేరు జబ్బులు దాగుంటాయి. ఎక్కడ పడుతోందో కచ్చితంగా చూడండి.

లోగో కూడా రాకముందే ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగిపోతున్నా, క్యాప్స్ లాక్ లైటు మిణుకుమిణుకుమంటున్నా, బీప్‌లు వస్తున్నా అక్కడికింకా విండోస్ రానేలేదు. ర్యామ్, పవర్, బోర్డు, ఈ మూడింట్లోనే వెతకాలి. ఆ మిణుకులనీ బీప్‌లనీ లెక్కపెట్టి మోడల్ సర్వీస్ మాన్యువల్‌తో పోల్చితే ఏ భాగమో చాలాసార్లు అదే చెప్పేస్తుంది. లోగో వచ్చి అక్కడే నిలబడిపోతే ఎస్‌ఎస్‌డీని గుర్తించడంలో తంటా, లేదా బయట తగిలించిన యూఎస్‌బీ ఏదో అడ్డం పడుతోంది. లోగో కింద చుక్కలు తిరగడం మొదలయ్యాక పడితే బూట్ ఫైళ్లు, డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ని విండోస్‌తో కలిపే ప్రోగ్రాములు), ఎస్‌ఎస్‌డీ. పాస్‌వర్డ్ కొట్టి డెస్క్‌టాప్ వచ్చిన నిమిషంలో పడితే గ్రాఫిక్స్ డ్రైవర్, స్టార్టప్ ప్రోగ్రాములు, వేడి.

ఇంకో చిన్న పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేనిది. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే పడిపోతోంది, కానీ రీస్టార్ట్ చేస్తే బాగానే లేస్తోందా? అలాగైతే ఫాస్ట్ స్టార్టప్‌ని అనుమానించాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నప్పుడు విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నల్‌నీ (విండోస్ గుండెకాయ), డ్రైవర్ల స్థితినీ ఫైలులో దాచి, మర్నాడు అదే తిరిగి ఎత్తుకుంటుంది. పాడైన డ్రైవర్ స్థితి కూడా దాంతోపాటే వస్తుంది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో దాన్ని తీసేస్తే సరి. ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషీన్లో అది మిగిల్చేది కొన్ని సెకన్లే, పోయినందుకు దిగులు అక్కర్లేదు.

బ్లూ స్క్రీన్ కన్ను ఆర్పేలోపు మాయమైతే ఫోన్‌తో స్లో మోషన్ వీడియో తీయండి, స్టాప్ కోడ్ పేరు (ఎందుకు పడిందో చెప్పే ఎర్రర్ పేరు) అందులో చిక్కుతుంది. విండోస్ 11లో 2025 నుంచి ఆ తెర నీలం పోయి నల్లగా మారింది, కాబట్టి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కనిపించినా అదే. పద్ధతిగా కావాలంటే చుక్కలు తిరిగేటప్పుడు పవర్ బటన్ని 10 సెకన్లు నొక్కిపెట్టి ఆపండి. ఇలా వరసగా రెండు మూడు సార్లు చేస్తే విండోస్ రికవరీ తెర తెరుచుకుంటుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. వచ్చే పట్టికలో 4 సేఫ్ మోడ్ (అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే లేవడం), 5 నెట్‌తో కూడిన సేఫ్ మోడ్, 9 నొక్కితే క్రాష్ అయ్యాక తనంతట తాను రీస్టార్ట్ కావడం ఆగుతుంది.

కోడ్ పేర్లలో గుర్తుపెట్టుకోదగ్గవి కొన్నే. మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా వస్తే, అందులోనూ ప్రతిసారీ వేరే వేరే కోడ్ వస్తుంటే, ముందు ర్యామ్ చూడాలి. కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ అంటే డిస్క్ చదవడంలో తేడా. ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటే విండోస్‌కి తన డిస్కే కనబడలేదు. డబ్ల్యూహెచ్‌ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అంటే ప్రాసెసరే హార్డ్‌వేర్ తప్పు జరిగిందని మొరపెట్టుకుంటోంది. వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ గ్రాఫిక్స్‌ది. ప్రతిసారీ ఒకే కోడ్, కింద ఒకే ఫైలు పేరు వస్తుంటే సంతోషించండి, అది డ్రైవర్ అయ్యే అవకాశం ఎక్కువ.

వెంటాయ్ సంగతి

మామూలు బూటబుల్ పెన్‌డ్రైవ్‌కి ఒక్క ఐఎస్‌ఓనే పడుతుంది, మార్చాలంటే మళ్లీ మొత్తం చెరపాలి. వెంటాయ్‌ని ఒకసారి ఎక్కిస్తే చాలు. ఆ తర్వాత ఐఎస్‌ఓ ఫైళ్లని పాటలు కాపీ చేసినట్టు కాపీ చేసుకోవడమే. బూట్ చేస్తే పట్టిక వస్తుంది, కావాల్సింది ఎంచుకోవాలి. ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్ మొత్తం చెరిగిపోతుంది. తర్వాత కొత్త వెర్షన్‌కి అప్‌డేట్ చేసినప్పుడు మాత్రం ఫైళ్లు అలాగే ఉంటాయి. ఎక్కాక రెండు భాగాలు కనిపిస్తాయి: పెద్దది ఎక్స్‌ఫ్యాట్, చివర్లో 32 ఎంబీ చిన్నది. ఆ చిన్నదాన్ని ముట్టుకోవద్దు. పార్టిషన్ స్టైల్ (డ్రైవ్‌ని భాగాలు చేసే పద్ధతి) ఎంబీఆర్‌గానే వదిలేస్తే పాత బయోస్ (విండోస్‌కి ముందే మెషీన్‌ని లేపే, బోర్డులోని ప్రోగ్రాము) మెషీన్లలోనూ కొత్త యూఈఎఫ్ఐ మెషీన్లలోనూ లేస్తుంది.

బూట్ మెనూ తెరిచే మీట కంపెనీని బట్టి మారుతుంది. డెల్, థింక్‌ప్యాడ్‌లకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లకి ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే బయోస్‌లో ఆ మెనూని ముందుగా ఆన్ చేయాల్సి రావచ్చు. లెనోవో ఐడియాప్యాడ్‌లలో చాలావాటికి పక్కన గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటుంది, అదే నోవో బటన్.

సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం లేనిదాన్ని బూట్ కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే మొదటిసారి వెరిఫికేషన్ ఫెయిల్డ్ అని తెర వస్తుంది. పెన్‌డ్రైవ్ చెడిపోయిందనుకుని చాలామంది ఇక్కడే వెనక్కి తిరుగుతారు. ఓకే కొట్టి, ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్ అన్నది ఎంచుకుని, వెంటాయ్ చిన్న పార్టిషన్‌లో ఎన్‌రోల్ అనే మాటతో మొదలయ్యే సర్టిఫికెట్ ఫైలుని చూపించి, కంటిన్యూ, యస్, రీబూట్. ఆ మెషీన్‌కి ఒకసారి చేస్తే చాలు.

ఇక్కడొక హెచ్చరిక. సెక్యూర్ బూట్‌ని ఆఫ్ చేయడం తేలిక దారిలా కనిపిస్తుంది. బిట్‌లాకర్ (డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ పని చేస్తే తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. "నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదే" అంటారు. పెట్టనక్కర్లేదు. విండోస్ 11 24హెచ్2 కూర్పుని కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా మెషీన్లలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. కీ ఆ ఖాతాలోనే ఉంటుంది. ఫోన్లో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసెస్ కింద రికవరీ కీ పేజీకి పోయి, తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి 8 అక్షరాలతో సరిపోల్చుకోవాలి. ఖాతా ఎవరి ఈమెయిల్‌తో తెరిచారో మరిచిపోవడమే అసలు చిక్కు. ల్యాప్‌టాప్ కొన్నరోజు దుకాణంలో కుర్రాడు తన మెయిల్‌తో లాగిన్ చేసి ఇచ్చిన కేసుల్లో ఆ కుర్రాణ్ణి వెతకడం తప్ప గతి లేదు. బాగున్న రోజునే కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

వెంటాయ్ మీద ఒక న్యాయమైన విమర్శ ఉంది. దాని మూలకోడ్‌లో ముందే కంపైల్ చేసి పెట్టిన ఫైళ్లు చాలా ఉన్నాయని, వాటిని తనిఖీ చేయడం కష్టమని. ఇంటి ల్యాప్‌టాప్‌కి నాకు అభ్యంతరం లేదు. ఆఫీసు మెషీన్లకైతే ఐటీ వాళ్లని అడగందే పెట్టొద్దు. ఎవరికైనా సరే, అధికారిక సైట్ నుంచి తప్ప దించుకోవద్దు.

మెమ్‌టెస్ట్: ఈ కట్టలో ఎక్కువ విలువైనది

కట్టలో ఒక్కటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. విండోస్‌తో సంబంధం లేకుండా, ర్యామ్‌లో ప్రతి గడిలోనూ రాసి, మళ్లీ చదివి పోలుస్తుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఒక పాస్‌కి (ర్యామ్ మొత్తాన్ని ఒకసారి పరీక్షించడానికి) అరగంట నుంచి గంటన్నర దాకా పడుతుంది, మెషీన్ వేగాన్ని బట్టి. ఒక పాస్ చూసి ఆపకూడదు. రాత్రి పెట్టి పొద్దున చూడండి, కనీసం నాలుగు పాస్‌లు కావాలి.

ఎర్ర గీత ఒక్కటి వచ్చినా ఆ ర్యామ్ పనికిరాదు. "రెండు మూడే కదా, పర్లేదు" అనే లెక్క ఇక్కడ చెల్లదు. అయితే ఎర్రర్ వచ్చిందని వెంటనే కొత్త ర్యామ్ కొనేయొద్దు. ఛార్జర్ తీసి, వీలైతే లోపలి బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, రెండు ర్యామ్‌లూ తీయండి. బంగారు రంగు పళ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మన దగ్గర రబ్బరుతో రుద్దడం ఆనవాయితీ. దాని పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి, నేనైతే వద్దంటాను. తర్వాత ఒక్క ర్యామ్‌ని ఒక్క స్లాట్‌లో పెట్టి టెస్ట్, రెండోది అదే స్లాట్‌లో పెట్టి టెస్ట్, ఆపైన స్లాట్ మార్చి మళ్లీ టెస్ట్. తప్పు ర్యామ్‌ని వెంబడిస్తే ర్యామ్ పోయింది. స్లాట్‌ని వెంబడిస్తే బోర్డు పని. తుడిచి సరిగ్గా బిగించాక ఎర్రర్లు పూర్తిగా పోతే అది కాంటాక్ట్ సమస్యే. అలాంటివి తక్కువేమీ కాదు.

ర్యామ్ బోర్డు మీదే అతికించి వచ్చే సన్న ల్యాప్‌టాప్‌లలో ఊడదీయడానికేమీ లేదు. అక్కడ మెమ్‌టెస్ట్ చేసే ఉపకారం ఒకటే, ఫార్మాట్‌కీ విండోస్‌కీ డబ్బు తగలేయకుండా ఆపుతుంది.

కొత్త ర్యామ్ కొనేటప్పుడు డీడీఆర్4 తరం ల్యాప్‌టాప్ ర్యామ్ తిరుపతి దుకాణాల్లో మామూలుగా దొరుకుతుంది. తంటా అంతా అంతకుముందు తరమైన డీడీఆర్3 కాలం మెషీన్లతో. 1.5 వోల్టుల డీడీఆర్3, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, స్లాట్‌లో రెండూ దిగుతాయి. 1.35 మాత్రమే తీసుకునే బోర్డులో మొదటిది పెడితే తెర నల్లగానే ఉంటుంది, లేదా లోగో దగ్గరే పడిపోతుంది. చీటీ మీద ఎల్ అక్షరం ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, బెంగళూరు ఎస్‌పీ రోడ్డు నుంచో తెప్పించుకోవాలి.

పేర్ల గందరగోళం ఒకటుంది. మెమ్‌టెస్ట్86 ప్లస్ వేరు, పాస్‌మార్క్ వాళ్ల మెమ్‌టెస్ట్86 వేరు. మొదటిది ఓపెన్ సోర్స్, ఎన్ని పాస్‌లైనా తిరుగుతుంది, పాత బయోస్‌లోనూ నడుస్తుంది. రెండోదానికి ఉచిత కూర్పులో నాలుగు పాస్‌ల పరిమితి ఉంది కానీ మైక్రోసాఫ్ట్ సంతకంతో వస్తుంది. సెక్యూర్ బూట్ వల్ల మొదటిది లేవకపోతే రెండోదాన్ని విడిగా ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండి. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ ఎర్రర్ చూపిస్తే నమ్మొచ్చు. ఏమీ లేదంటే నమ్మను, ఎక్స్‌టెండెడ్ టెస్ట్ ఎంచుకున్నా దాని కంటికి ఆనని లోపాలుంటాయి.

మెమ్‌టెస్ట్86 ప్లస్ తెర మీద ప్రాసెసర్ వేడి కూడా కనిపిస్తుంది. ఇది బోనస్. మే నెలలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నం గదిలోనే కొలిమిలా ఉంటుంది, అప్పుడు స్టార్టప్‌లో పడిపోయే ల్యాప్‌టాప్ రాత్రి పన్నెండుకి చక్కగా పాస్ కావచ్చు. ఏ వేళకి పడుతోందో ఆ వేళకే టెస్ట్ పెట్టండి. మొదలైన రెండు మూడు నిమిషాల్లోనే 90 దాటిపోతుంటే ఫ్యాన్ తిరగట్లేదు, లేదా ప్రాసెసర్ మీద, వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే పేస్ట్ ఎండిపోయింది. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే ఆరిపోతాయి. ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రెక్కలకీ మధ్య పేరుకున్న దుమ్ము చాప బయటినుంచి ఊదితే రాదు, ఫ్యాన్ విప్పి తీయాల్సిందే. బఠాణీ గింజంత పేస్ట్ చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లదనం రాదు.

ఎస్‌ఎస్‌డీ: హైరెన్స్, మింట్ రెండూ కావాలి

హైరెన్స్ బూట్‌సీడీ పీఈ అంటే పెన్‌డ్రైవ్ నుంచే లేచే చిన్న విండోస్. పాత హైరెన్స్ 15.2 ఇప్పటికీ కొన్ని దుకాణాల పెన్‌డ్రైవ్‌లలో తిరుగుతోంది. అది ఎక్స్‌పీ కాలంది, కొత్త మెషీన్లలో దాంతో పనిలేదు. పీఈ కూర్పులో డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఉంటుంది, మనకు కావాల్సింది అదే.

సాటా (పాత రకం కనెక్షన్) డిస్క్ అయితే మూడు వరసలు చూడాలి: 05 అంటే చెడిపోతే మార్చేసిన సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న గడులు), సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్నవి, సీ6 అంటే ఇక చదవలేమని తేలినవి. సీ5, సీ6లలో సున్నా కానిది ఏది కనబడ్డా ముందు డేటా కాపీ చేయాలి, మిగతా మాటలు తర్వాత. సీ7 పెరుగుతుంటే డిస్క్ కంటే దాని రిబ్బన్ కేబుల్‌ని అనుమానించండి. ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన రకం) అయితే అవైలబుల్ స్పేర్ (మిగిలిన అదనపు చోటు), పర్సంటేజ్ యూజ్డ్ (ఆయుష్షులో ఖర్చయిన శాతం), మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్, అన్‌సేఫ్ షట్‌డౌన్స్. మీడియా ఎర్రర్లు సున్నా ఉండాలి. అన్‌సేఫ్ షట్‌డౌన్స్ ఎన్నో ఉంటే కథ వేరు. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌ని డెస్క్‌టాప్‌లా ప్లగ్గుకి తగిలించి వాడుతున్నారన్నమాట, కరెంటు పోయిన ప్రతిసారీ దెబ్బ తగులుతోంది. అలాంటిదాన్ని ఫార్మాట్ చేసినా మళ్లీ అక్కడికే వస్తుంది. ముందు బ్యాటరీ మార్చాలి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంటే ఆ క్షణమే వాడకం ఆపాలి, ఛార్జ్ పెట్టకూడదు.

గుడ్ అని నీలం రంగు చూపించినంత మాత్రాన క్షేమం అనుకోవద్దు. ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్లు ముందు చెప్పకుండా పోవడం మామూలే. బయోస్‌లో ఒకసారి కనబడి, వేడెక్కాక రీస్టార్ట్ చేస్తే కనబడకపోతే ఏ సాఫ్ట్‌వేర్ ఏం చెప్పినా అది పోయినట్టే లెక్క. స్క్రూ విప్పి తిరిగి బిగించి చూడటం మాత్రం మరవొద్దు.

లైనక్స్ మింట్ రెండు పనులకి. ఒకటి, డేటా బయటికి తీయడం. బిట్‌లాకర్ ఉన్నా 48 అంకెల కీ ఇస్తే మింట్ డ్రైవ్‌ని తెరుస్తుంది. ఫాస్ట్ స్టార్టప్ వదిలిపెట్టిన ఫైలు ఉంటే చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు, కాపీకి అది చాలు. కాపీ మధ్యలో ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు వస్తే మామూలు కాపీ ఆపి డీడీరెస్క్యూ వాడాలి. అది బాగున్న భాగాలు ముందు తీసుకుని, చెడ్డవాటి దగ్గరికి తర్వాత వస్తుంది. మ్యాప్ ఫైలు (ఎంతవరకు తీసిందో రాసుకునే ఫైలు) ఇచ్చి నడిపితే కరెంటు పోయినా ఆగిన చోటునుంచే మొదలవుతుంది. ఈ వరస తిరగేసి ముందు చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ ఆదేశం) కొట్టేవాళ్లున్నారు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద చెక్‌డిస్క్ రిపేర్ నడిపితే అది మొత్తం డిస్క్‌ని గంటల తరబడి రుద్దుతుంది, పాడైన ఫైళ్లని ముక్కలు చేసి పక్కన పెడుతుంది. డేటా బయటపడ్డాకే దాని వంతు.

రెండో పని, నేరం ఎవరిదో చెప్పడం. మింట్‌ని గంటసేపు నడపండి, ఒక వీడియో పెట్టండి. ఆగకుండా నడిస్తే ప్రాసెసర్, ర్యామ్, బోర్డు చాలావరకు బయటపడ్డట్టే, అనుమానం ఎస్‌ఎస్‌డీ మీదికి, విండోస్ మీదికి పోతుంది. మింట్ కూడా పడిపోతే విండోస్‌ని తిట్టడం ఆపి హార్డ్‌వేర్ చూడాలి. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) డీమెసేజ్ (dmesg) ఆదేశం కొట్టి హార్డ్‌వేర్ ఎర్రర్ అన్న మాట వెతకండి. ఒక మినహాయింపు: ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్న కొన్ని మెషీన్లలో మింట్ తెర మొదట్లోనే గడ్డకడుతుంది, అది డ్రైవర్ గొడవ. మింట్ బూట్ పట్టికలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకుంటే లేస్తుంది. లేవకపోతేనే అనుమానించండి.

ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ వచ్చిన ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ పోయిందని తేల్చేముందు బయోస్‌లో వీఎండీ అనే అమరిక (ఎస్‌ఎస్‌డీని ఇంటెల్ సొంత దారిలో కలిపేది) చూడండి. విండోస్ ఎక్కించినప్పుడు అది ఆన్‌లో ఉండి ఇప్పుడు ఆఫ్ అయినా, ఆఫ్‌లో ఉండి ఆన్ అయినా విండోస్‌కి డిస్క్ కనబడదు. బయోస్ అప్‌డేట్ తర్వాత, లేదా లోపలి సీఎమ్‌ఓఎస్ సెల్ చచ్చిపోయి అమరికలన్నీ మొదటికి పోయినప్పుడు ఇది జరుగుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం పాత తేదీ చూపిస్తుంటే సెల్ అనుమానం గట్టిపడుతుంది. అమరికని తిరిగి పాత స్థితికి తెస్తే ల్యాప్‌టాప్ ఏమీ జరగనట్టు లేస్తుంది. ఇలాంటివాటికి కొత్త ఎస్‌ఎస్‌డీ అమ్మేయడం చాలా తేలిక. విండోస్ ఇన్‌స్టాలర్‌లో డ్రైవ్ కనబడకపోవడానికీ ఇదే కారణం. ఆ దారిలోని డిస్క్‌ని చూపించే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ని విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని లోడ్ డ్రైవర్ నొక్కి చూపించాలి.

విండోస్ వైపు తప్పయితే

రికవరీ తెరలో ఉండే స్టార్టప్ రిపేర్‌కి నేనిచ్చే మార్కులు పదికి మూడు. ఒకసారి నడపండి, రెండోసారి వద్దు. 2025లో విండోస్ 11కి క్విక్ మెషీన్ రికవరీ అని కొత్తది చేరింది. రికవరీ తెర నుంచే నెట్‌కి కలిసి మైక్రోసాఫ్ట్ దగ్గర పరిష్కారం ఉందేమో వెతుకుతుంది. అందరికీ ఒకేసారి వచ్చిన తంటాకి పనికొస్తుంది, మీ ఒక్కరి డ్రైవర్ గొడవకి కాదు.

సేఫ్ మోడ్‌లో లేస్తే సగం గెలిచినట్టే. ఈమధ్య మారిన గ్రాఫిక్స్, వైఫై, యాంటీవైరస్ డ్రైవర్లని తీసేయండి. ఒక్క డ్రైవర్ ఎంత పని చేయగలదో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక లోపభూయిష్టమైన ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి, ఎన్నో బూట్ లూప్‌లో చిక్కాయి. చేతితో చేసే మందు సేఫ్ మోడ్‌లోకి పోయి ఆ ఫైలుని తీసేయడమే. చాలాచోట్ల ఆలస్యమైంది బిట్‌లాకర్ కీ దగ్గర.

సేఫ్ మోడ్ కూడా లేవకపోతే, అప్‌డేట్ తర్వాత మొదలైన లూప్ అయితే, రికవరీ తెరలో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ లోంచి కొత్త క్వాలిటీ అప్‌డేట్ తీయండి. అదీ కుదరకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ (DISM) ఆదేశానికి విండోస్ ఉన్న డ్రైవ్‌ని ఇమేజ్‌గా చూపించి రివర్ట్ పెండింగ్ యాక్షన్స్ అన్న ఎంపికతో నడపాలి. సగంలో ఆగిన అప్‌డేట్‌ని వెనక్కి తిప్పడానికి ఇది బాగా పనికొస్తుంది, దుకాణాల్లో దీన్ని వాడేవాళ్లు తక్కువ. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోయి ఉంటాయి, మామూలుగా సీ ఉన్నది డీ అయి ఉండొచ్చు. డిర్ కొట్టి విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో చూశాకే ఏదైనా. బూట్ ఫైళ్లే పోయాయనుకుంటే బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ ఆదేశం యూఈఎఫ్ఐ మెషీన్లలో తరచూ యాక్సెస్ డినైడ్ అంటుంది. దాంతో కుస్తీ వద్దు. పార్టిషన్లు చూసే డిస్క్‌పార్ట్ ఆదేశంలో ఫ్యాట్32గా ఉండే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఒక అక్షరం ఇచ్చి, బూట్ ఫైళ్లు రాసే బీసీడీబూట్‌కి విండోస్ ఫోల్డర్‌నీ ఆ అక్షరాన్నీ చూపిస్తే కొత్తగా రాసేస్తుంది.

ఇంత చేశాక, ర్యామ్ పాసై, డిస్క్ బాగుండి, డేటా బయటికొచ్చాక కూడా లేవకపోతే అప్పుడు ఫార్మాట్. నాలుగో ఐఎస్‌ఓ అందుకే ఉంది.

దీనికి చేతకానివి

పవర్ సమస్యలు ఈ పెన్‌డ్రైవ్‌కి కనబడవు. అసలు అన్నిటికంటే ముందు చేయాల్సింది ఛార్జర్ తీసి, యూఎస్‌బీలు, హెచ్‌డీఎమ్‌ఐ, మెమరీ కార్డు అన్నీ పీకి, పవర్ బటన్ని 30 సెకన్లు నొక్కిపెట్టి, ఒక్క ఛార్జర్‌తోనే ఆన్ చేయడం. చార్జర్ వాటేజ్ చూడండి. 65 వాట్లు అడిగే టైప్ సీ ల్యాప్‌టాప్‌కి 33 వాట్ల ఫోన్ ఛార్జర్ పెడితే, బ్యాటరీ బాగున్నంతకాలం ఏదో నడుస్తుంది. బ్యాటరీ బలహీనపడ్డాక స్టార్టప్‌లో ప్రాసెసర్ ఒక్కసారిగా లాగే కరెంటుని అది ఇవ్వలేదు, లోగో దగ్గరే ఆరిపోతుంది. బోర్డు మీద షార్ట్ ఉన్నా, నీళ్లు పడ్డా, బయోస్ చిప్ చెడినా చిప్ లెవెల్ పని (బోర్డు మీది విడి భాగాలు మార్చే పని) చేసేవాళ్ల దగ్గరికే పోవాలి. అక్కడికి పోయేటప్పుడు మెమ్‌టెస్ట్ తెర ఫోటో, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఫోటో, స్టాప్ కోడ్ వీడియో చూపించండి. బేరం మీ చేతిలో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీని తీసి మీ దగ్గరే పెట్టుకుని ఇవ్వొచ్చు, బోర్డు రిపేర్‌కి అది అక్కర్లేదు.

పెన్‌డ్రైవ్ కొనేటప్పుడు యూఎస్‌బీ 3 రకమే తీసుకోండి, యూఎస్‌బీ 2 మీద హైరెన్స్ లేవడానికి టీ తాగి రావచ్చు. పదిమంది మెషీన్లకి పెట్టే పెన్‌డ్రైవ్‌కి వైరస్ ఎక్కే అవకాశం ఉంది కాబట్టి అందులో మీ సొంత ఫైళ్లు ఉంచొద్దు, కాపీ చేసిన డేటాకి వేరే డ్రైవ్ వాడండి. ఏడాదికి రెండుసార్లు మింట్, విండోస్ ఐఎస్‌ఓలు కొత్తవి వేసుకోండి. పాత మింట్ కొత్త ల్యాప్‌టాప్‌లో వైఫైని, ఒక్కోసారి ఎస్‌ఎస్‌డీని కూడా గుర్తించదు.